మూడు మైళ్ళకు ఇరవై రెండు గజాలు తక్కువ

సభకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా కౌన్సిల్ బడి ప్రయాణాల విభాగం అధిపతి శ్రీమతి వెరిటీ క్రాగ్ గారికి, వేదిక మీద కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఎప్పుడు దిగి వెళ్ళిపోదామా అన్నట్టు కూర్చున్న మా బ్లెంకిన్ గారికి, హార్త్‌వెయిట్ ఊరి పెద్దలకు, పిల్లల బస్సు సీటు కోసం ఎప్పుడో ఒకప్పుడు కౌన్సిల్‌కి కోపంగా ఉత్తరం రాసిన ప్రతి అమ్మకీ నాన్నకీ, అంటే ఈ హాల్లో ఉన్న అందరికీ (నవ్వులు), మనం ఇంకా మొదలుపెట్టకముందే అల్లం కేకు మొదలుపెట్టేసిన డగ్గీ ఆల్డర్సన్ గారికి కూడా నా నమస్కారాలు.

నా పేరు హెట్టీ రాథ్‌మెల్. పదహారేళ్ళు. గిల్‌హెడ్ మా ఇల్లు. పరీక్షలు పోయిన వారమే అయిపోయాయి కాబట్టి ఇప్పుడు నా దగ్గర బోలెడంత తీరిక ఉంది, ఎవరూ అడగని మాటలు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. కౌన్సిల్ ఆఫీసు నుంచి ఆడ్రీ గారు ఫోన్ చేసి, "బ్లెంకిన్ గారు రిటైరవుతున్నారు తల్లీ, ఆయన కొలిచిన పిల్లల్లో ఒకరు నాలుగు ముక్కలు మాట్లాడితే బాగుంటుంది" అన్నారు. "నేనే ఎందుకండీ?" అన్నాను. "మిగతావాళ్ళని ఒక్కసారే కొలిచారు. నిన్ను రెండుసార్లు కొలవాల్సి వచ్చింది" అన్నారు. ఇంతకు మించిన అర్హత నాకు ఇప్పటిదాకా దేనికీ రాలేదు.

బ్లెంకిన్ గారి ఉద్యోగం ఏమిటో ఈ లోయలో తెలియనివాళ్ళు లేరు. అయినా క్రాగ్ మేడమ్ గారు పట్నం నుంచి వచ్చి మూడేళ్ళే అయింది కాబట్టి ఒక్కమాటలో చెప్పేస్తాను. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి, ఇంటి గేటు నుంచి బడి గేటు దాకా, అవసరమైనచోట పెద్దవాళ్ళు తోడుంటే నడవగలిగిన అతి దగ్గర దారిలో మూడు మైళ్ళు ఉండాలి. ఉంటే కౌన్సిల్ బస్సు. ఒక్క గజం తగ్గినా కాళ్ళే. ఆ గజం ఉందో లేదో తేల్చడానికి ఒక మనిషి కావాలి కదా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మనిషి ఈయన. పొడుగాటి కర్ర, దాని చివర సైకిలు చక్రానికి మనవరాలిలా ఉండే చిన్న చక్రం, ఆ చక్రం తిరిగినకొద్దీ అంకెలు మార్చుకునే డబ్బా. వానలో, మంచులో, గొర్రెల మందల మధ్య ఆ చక్రాన్ని తోసుకుంటూ వెళ్ళే ఈయన్ని చూసి, చంటిపిల్లల బండిలోంచి పిల్ల ఎక్కడో పడిపోయిందేమో అని చలికాలపు టూరిస్టులు ఆపి అడిగేవారట. (నవ్వులు) "ఇంకా దొరకలేదు, వెతుకుతున్నా" అనేవారట ఈయన.

నేను ఇవాళ నవ్వించడానికే వచ్చాను, కానీ ముందే ఒక నిజం చెప్పేస్తాను, లేకపోతే దాచిపెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మొదటి వరసలో, జుట్టు తడిపి దువ్వించుకుని, నా వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చున్నవాడు మా తమ్ముడు ఏబెల్. పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ మా ఇంటికి అరమైలు దూరంలో ఉన్న చిన్న బళ్ళో చదివాడు. సెప్టెంబరులో ఈ ఊరి బడికి రావాలి. బస్సు సీటు కోసం దరఖాస్తు పెడితే ఆఫీసు కంప్యూటరు పటం మీద గీత గీసి, మూడు మైళ్ళకు ఇరవై రెండు గజాలు తక్కువ, సీటు లేదు అంది. మేం అప్పీలు పెట్టుకున్నాం. వచ్చే గురువారం విచారణ. విచారణ చేసేది మేడమ్ గారే. సీటు రాకపోతే ఏబెల్ రోజుకి ఆరు మైళ్ళు నడవాలి. వాడికి తోడు వచ్చే అమ్మ, పొద్దున దింపి వెనక్కి, సాయంత్రం తీసుకురావడానికి ముందుకి, మొత్తం పన్నెండు మైళ్ళు నడవాలి. అమ్మ ఎనిమిదింటికల్లా వృద్ధాశ్రమం వంటింట్లో ఉండాలి. నాన్న ఐదింటికే క్వారీకి వెళ్ళిపోతారు. అంటే ఆ ఇరవై రెండు గజాల్లో అమ్మ ఉద్యోగం ఉంది. అమ్మ మైళ్ళు లెక్కపెట్టే గడి మాత్రం దరఖాస్తులో ఎక్కడా లేదు, రెండువైపులా తిప్పి చూశాను.

ఇంకా చిత్రం ఏమిటంటే, ఆ స్కూలు బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. ముప్ఫై సీట్లు. పదకొండుమంది పిల్లలు. బస్సు నడిపేది ఈ డగ్గీ గారే, పొద్దున పాలు పితికి, ఆ చేతులతోనే స్టీరింగు పట్టుకుంటారు. నిన్న గేటు దగ్గర బస్సు ఆపి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏబెలూ, నీ కోసం కిటికీ పక్క సీటు తుడిచి పెట్టానురా, నువ్వు మాత్రం ఎక్కకు" అన్నారు. "మరి తుడవడం ఎందుకు మామా?" అన్నాడు వీడు. "చూడ్డానికి బాగుంటుందని" అన్నారు.

సరే, అది గురువారం సంగతి. ఇవాళ బ్లెంకిన్ గారిది.

ఐదేళ్ళ క్రితం నాదీ ఇదే కథ. అదే ఇల్లు, అదే బడి, పటం మీద అదే ఇరవై రెండు గజాలు. అప్పట్లో అప్పీలు పెడితే, ఇప్పట్లా పటాన్నే నమ్మకుండా, మనిషిని పంపేవారు. మనిషి అంటే ఈయనే. ఉత్తరం వచ్చిన రోజు రాత్రి మా నాన్న భోజనం చేస్తూ చేస్తూ ఆగిపోయి, "కొలత గేటు దగ్గర మొదలవుతుంది కదా?" అన్నారు. అవునంది అమ్మ. "గేటు మనదే కదా?" అన్నారు. అమ్మ చెంచా కింద పెట్టేసింది. ఆ శని ఆదివారాలు నాన్నా, క్వారీ స్నేహితులు ఇద్దరూ కలిసి మా గేటుని, దాని రెండు రాతి స్తంభాలతో సహా, ఇంటివైపు ముప్ఫై గజాలు వెనక్కి జరిపారు. క్వారీ మనుషులు కదా, పని శుభ్రంగా చేశారు. గేటు కొత్త చోట అద్భుతంగా నిలబడింది. దానికి రెండువైపులా గోడ మాత్రం లేదు. మైదానం మధ్యలో ఒంటరిగా ఒక గేటు, తాళం వేసి. (నవ్వులు) గొర్రెలు కూడా దాని పక్కనుంచి తిరిగి వెళ్ళేవి, మర్యాద కోసం కాసేపు ఆగి.

సోమవారం పొద్దున బ్లెంకిన్ గారు వచ్చారు. గేటు చుట్టూ ఒకసారి తిరిగారు. స్తంభం మీద నాచుని వేలితో తాకారు. వానగాలి పడమటినుంచి వచ్చే మా లోయలో ఏ రాయికైనా నాచు పడమటివైపే పడుతుంది. మా స్తంభాలని హడావిడిలో వెనక వైపు ముందుకి తిప్పి పాతేశారేమో, నాచు తూర్పు వైపు ఉంది.

"రాథ్‌మెల్ గారూ, ఈ గేటు ఈమధ్య ప్రయాణాలు చేసినట్టుందే" అన్నారు.

"గాలండీ" అన్నారు నాన్న. "మొన్న పెద్ద గాలి వీచింది."

"తాళం కూడా గాలే వేసిందా?"

"మంచి గాలండీ."

ఈయన నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకుని, పాత గుంతల దగ్గరికి నడిచి, చక్రం అక్కడ పెట్టి సున్నా చేశారు. ఆ కాగితం మా వంటింటి సొరుగులో ఇప్పటికీ ఉంది. ఏం రాశారో వినండి. "గేటు ఇటీవల కదిలింది. పాత గుంతల నుంచి కొలవడమైనది. గేటు పని నాణ్యంగా ఉంది." ఆ చివరి వాక్యం ఎవరు రాయమన్నారు ఈయన్ని? అది చదివి మా నాన్న కోపమంతా పోయింది. నాన్నా, అవునా కాదా? (హాలు వెనక నుంచి: "అవును, కానీ గేటు మళ్ళీ జరపడానికి మూడు రోజులు పట్టింది!")

అలా మొదలైంది మొదటి నడక. నేనూ, అమ్మా, ఈయనా, చక్రమూ. పిల్లని వెంట తీసుకెళ్ళాలని నిబంధన ఏమీ లేదు. "పిల్ల నడిచే దారిని పిల్ల లేకుండా ఎలా కొలుస్తాం?" అని ఈయనే నన్ను రమ్మనేవారు. పంతొమ్మిది వందల గజాల దగ్గర డగ్గీ గారి పొలం. పొలంలో డగ్గీ గారి బాతులు. పెద్ద బాతులు, తెల్లవి, తొమ్మిది. డగ్గీ గారూ, అవి మంచివే అని మీరు ఇప్పుడు లేచి చెప్పకండి. ("మంచివే!") నేను చెప్పకండి అన్నాను. (నవ్వులు)

బాతులు దారికి అడ్డంగా నిలబడ్డాయి. ఈయన గౌరవంగా, "జరుగుతారా, ప్రభుత్వ పని" అన్నారు. అవి ప్రభుత్వాన్ని లెక్కచేసే రకం కాదు. మెడలు చాచి ముందుకొచ్చాయి. ఈయన చక్రంతో సహా వెనక్కి నడిచారు, వెనక్కి నడిస్తే ఆ చక్రం అంకెల్ని తగ్గించుకుంటూ పోతుంది. నేను డబ్బా వైపే చూస్తున్నాను. పదకొండు గజాలు పోయాయి. నా బస్సు సీటు నా కళ్ళముందే, బాతుల వల్ల, గజం గజం వెనక్కి వెళ్ళిపోతోంది. నేను ఏడుస్తూ, "అంకుల్, ముందుకి నడవండి, ముందుకి నడవండి!" అని అరుస్తున్నాను, ఈయన "నేను ఒప్పుకుంటాను తల్లీ, వాటిని ఒప్పించు!" అని అరుస్తున్నారు. చివరికి చక్రాన్ని చంకలో పెట్టుకుని, రాతిగోడ ఎక్కి, అవతలి పొలంలోంచి చుట్టూ తిరిగి, బాతుల అవతల దిగారు. మొత్తం లెక్క మూడు మైళ్ళకు పదహారు గజాలు తక్కువ వచ్చింది. కాగితం మీద ఈయన రాసింది ఇది. "ఇరవై గజాలు కొలవబడలేదు. అవి బాతుల ఆధీనంలో ఉన్నవి."

ఆ ఇరవై గజాలు ఎవరివి అన్న విషయం మీద అప్పీలు కమిటీ నలభై నిమిషాలు చర్చించింది. నేను ఊరికే చెప్పడం లేదు, ఆ రోజు మినిట్సు పుస్తకం ఆడ్రీ గారు నాకు చూపించారు. ఒక సభ్యుడు, బాధ్యతగల తల్లి అయితే బిడ్డతోపాటు బాతులు వెళ్ళేదాకా ఆగుతుందని అన్నారట. ఇంకొకాయన, ఎంతసేపు ఆగాలో నిబంధనల్లో లేదు అన్నారట. మూడో ఆవిడ, బాతు ఆగుతుందా మనిషి ఆగాలా అని అడిగారట. చివరికి, మళ్ళీ కొలవమని తీర్మానించి భోజనానికి వెళ్ళారు. భోజనంలో ఏం తిన్నారో మినిట్సులో లేదు, బాతు కాదని ఆశిస్తాను. (నవ్వులు)

ఇప్పుడు రెండో నడక. ఇక్కడ నేను కాస్త నెమ్మదిగా మాట్లాడతాను.

ఆ రోజు వాన. అమ్మకి సెలవు దొరకలేదు. పెద్దవాళ్ళ తోడు అంటే ఈయన ఒక్కరే. డగ్గీ గారు ముందే బాతుల్ని కొట్టంలో వేసి తలుపు మూశారు, లోపలి నుంచి అవి మమ్మల్ని తిడుతూనే ఉన్నాయి. రెండు వేల నాలుగు వందల గజాల దగ్గర వాగు వచ్చింది. ఎండాకాలంలో దాన్ని అడుగురాళ్ళ మీంచి దాటొచ్చు. ఆ రోజు రాళ్ళు కనిపించలేదు. ఈయన బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి జేబులో పెట్టుకుని, నన్ను ఎడమచేత్తో ఎత్తుకుని, కుడిచేత్తో చక్రాన్ని నీళ్ళ అడుగున తోసుకుంటూ దాటారు. నేను ఈయన టోపీ పట్టుకుని ఉన్నాను. మధ్యలో ఆగి, "అంకె ఎంత చూపిస్తోంది తల్లీ?" అన్నారు. "నీళ్ళలో ఉంది, కనపడదు" అన్నాను. "సరే, నమ్ముదాం" అన్నారు.

తర్వాత గుట్ట. గుట్ట సగంలో నాకు ఊపిరాడక ఈయన్ని ఒక ప్రశ్న అడిగాను. ఆ రాత్రి మర్చిపోయాను కూడా. వారం తర్వాత ఇంటికి నకలు వచ్చింది. దానిలో కుడివైపు 'ఇతర వివరములు' అని సన్నటి గడి ఉంటుంది. అందులో రాసినవి చదువుతాను.

"1204 గజాలు. దారిలో చనిపోయిన కుందేలు. పిల్ల బాధపడింది. రెండు నిమిషాలు ఆగడమైనది.

"2400. వాగు. పదకొండు గజాలు, నీటి అడుగున. పిల్లని ఎత్తుకుని దాటించడమైనది. ఎత్తుకోలేని మనిషి తోడు వస్తే ఏం చేయాలో తెలియదు.

"3010. ఈ గుట్ట ఎక్కడ అయిపోతుందని పిల్ల అడిగింది. అధికారి వద్ద సమాధానం లేదు."



నాకు పదకొండేళ్ళు అప్పుడు. నేను అడిగినదాన్ని ఒక పెద్దమనిషి వినడమే కాదు, అంకె వేసి, ప్రభుత్వ కాగితం మీద రాశాడు. నాకు రాయడం మీద ఇష్టం ఎప్పుడు పుట్టింది అని మా టీచరు గారు అడిగితే నేను ఏవో పుస్తకాల పేర్లు చెప్పాను గానీ, నిజం ఇదీ. ఆ గడిలో. ఆడ్రీ గారు ఈమధ్య పాత ఫైళ్ళు నా ముందు పెడితే, ముప్ఫై ఒక్క ఏళ్ళ గడులు మూడు రోజులు కూర్చుని చదివాను. "ఇక్కడ గాలి పిల్లవాడిని రెండుసార్లు వెనక్కి నెట్టింది." "లారీ వచ్చినప్పుడు నిలబడే చోటు: ముళ్ళపొద." "తల్లి నడకంతా గడియారం చూసుకుంది." ఏ ఒక్క గడి మీదా ఎవరూ చదివినట్టు సంతకం లేదు. అందరూ కింద ఉన్న మొత్తం ఒక్కటే చూశారు. నా కాగితంలో కింద మొత్తం ఎంతంటే, మూడు మైళ్ళ నాలుగు గజాలు. సీటు ఇచ్చేశారు.

ఇప్పుడు మీలో లెక్కలు వచ్చినవాళ్ళు మొహాలు చిట్లిస్తున్నారు. పటం ఇరవై రెండు తక్కువ అంటే, చక్రం నాలుగు ఎక్కువ అని ఎలా అంది? మధ్యలో ఇరవై ఆరు గజాలు ఎక్కడివి? మేడమ్ గారు కూడా పెన్ను తీశారు. మేడమ్, మీకు శ్రమ లేకుండా నేనే చెప్పేస్తాను.

టైరు అండీ. చక్రం చుట్టూ ఉండే రబ్బరు టైరు. అరిగిపోయింది. టైరు అరిగితే చక్రం చిన్నదవుతుంది, చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, ఎక్కువసార్లు తిరిగితే అంకె పెరుగుతుంది. నేను లెక్క కట్టాను. మిల్లీమీటరు కన్నా తక్కువ అరుగుదల చాలు, మూడు మైళ్ళకి ఇరవై ఆరు గజాలు పుట్టుకొస్తాయి. ఈయన ఈ సంగతి దాచారా? దాచలేదు. నా కాగితం అడుగునే ఉంది. "చక్రపు టైరు అరిగినది. దూరం ఎక్కువ చూపే అవకాశం కలదు. కొత్త టైరు కొరకు విన్నపము, ఎనిమిదవసారి." ప్రతి ఏడూ అడిగారు. ప్రతి ఏడూ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. కౌన్సిల్ ఒక టైరు మిగుల్చుకుంది, దాని పుణ్యాన పదహారుమంది పిల్లలం బస్సెక్కాం. (పెద్దగా నవ్వులు, చప్పట్లు) నేను ఎప్పుడూ మూడు మైళ్ళ దూరంలో లేను, ఒప్పుకుంటున్నాను. పరీక్షలు అయిపోయాయి, ఇక నన్ను బస్సులోంచి దింపలేరు.

మరి ఇవాళ కానుక ఏమిటో బల్ల మీద చూశారుగా. ఎర్ర రిబ్బను కట్టిన, మెరుగు పెట్టించిన, ఈయన సొంత చక్రం. దానికి ఏం వేయించారో కూడా చూడండి. కొత్త టైరు! ఇందాక ఈయన దాన్ని వేలితో నొక్కి చూసి, "వచ్చిందన్నమాట" అన్నారు. అంతే అన్నారు.

కానీ మిత్రులారా, ఈయన అడిగిన కానుక అది కాదు. ఆడ్రీ గారు రెండు నెలల క్రితం ఒక చీటీ పంపారు. ఏం కావాలి? గోడ గడియారమా, పూలమొక్కలా, ఇతరములా? ఈయన 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి, ఇలా రాశారు. "క్రాగ్ గారు నాతో ఒక్కసారి గిల్‌హెడ్ దారి నడవాలి." ఆ చీటీ ఏమైంది? అందులో గిల్‌హెడ్ దారి అని ఉంది కదా, ఆఫీసులో ఎవరో దాన్ని బస్సు దరఖాస్తుల గుట్టలో పడేశారు. దానికి నంబరు పడింది. మూడు వారాలకి ఈయనకి ఉత్తరం వచ్చింది. "మీ దరఖాస్తు అసంపూర్ణముగా ఉన్నది. పిల్ల లేక పిల్లవాని పుట్టిన తేదీ లేదు." (నవ్వులు) ఈయన ఎవరి మాటా తోసేసే మనిషి కాదు. పిల్లలు లేరు కాబట్టి తన పుట్టిన తేదీ వేసి పంపారు. మళ్ళీ ఉత్తరం. "మీ పిల్లవాని వయస్సు అరవై ఆరు. పథకమునకు గరిష్ఠ వయస్సు పదహారు. తిరస్కరించడమైనది. ఇరవై పని దినములలో అప్పీలు చేసుకొనవచ్చును."

(నవ్వులు ఆగడం లేదు. శ్రీమతి క్రాగ్ గారు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.)

మేడమ్, మీరు నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆ ఉత్తరాల మీద సంతకం మీది. మీరు చెడ్డవారని నేను అనడం లేదు. మీ బల్ల మీద ఆరువందల దరఖాస్తులు ఉంటాయని, రాత్రి వాటిని ఇంటికి కూడా పట్టుకెళ్తారని ఆడ్రీ గారు చెప్పారు. ఆరువందల దారులు ఎవరు నడవగలరు? అందుకే కదా కంప్యూటరు పటం కొన్నారు. పటం మంచిదే. పటానికి బాతులు తెలియవు, అంతే.

అప్పీలు గడువు లెక్కపెట్టాను. ఇరవయ్యో పని దినం ఇవాళే. బ్లెంకిన్ గారి ఉద్యోగం కూడా సాయంత్రం ఐదింటిదాకా ఉంది. ఇప్పుడు రెండూ నలభై. ఏబెల్ నడకలో బడి గేటు నుంచి మా గేటుకి గంటా ఇరవై నిమిషాలు. అందుకని ఈ సభాముఖంగా, బ్లెంకిన్ గారి తరఫున, ఆ తిరస్కరించిన దరఖాస్తు మీద అప్పీలు పెడుతున్నాను. అందులో లోపం ఒక్కటే కదా, పిల్లవాడు లేడు. ఇదిగో పిల్లవాడు. ఏబెల్, లేచి నిలబడరా. పుట్టిన తేదీ మేడమ్‌కి చెప్పు. (ఏబెల్ చెప్పాడు.) ఇంకాస్త గట్టిగా. (మళ్ళీ చెప్పాడు.) దరఖాస్తు ఇప్పుడు పూర్తయింది.

కొత్త టైరు చక్రం తీసుకెళ్దాం. నేను మోసం చేయను. కొత్త టైరుతో కొలిస్తే ఇరవై రెండు గజాలు తక్కువే వస్తుంది, ఈయన అదే రాస్తారు, ఈయన్ని మీరెవరూ మార్చలేరు. నేను అడిగేది కింద ఉన్న మొత్తం కాదు. నిబంధనలో ఇంకో ముక్క ఉంది, 'నడవగలిగిన దారి' అని. మూడు రోజులుగా వాన పడుతోంది, పొద్దున వాగులో రాళ్ళు కనిపించలేదు. మేడమ్, ఆ దారి ఒక్కసారి నడిచి, ఆ సన్నటి గడి మీ చేత్తో మీరే నింపండి. గురువారం మీరు ఏం తీర్పు చెప్పినా మా ఇంట్లో ఎవరూ మారుమాట్లాడరు. అమ్మా, మాట్లాడవు కదా? ("మాట్లాడను." కొంచెం ఆగి, "ఎక్కువ మాట్లాడను.")

అలిసిపోతే ఏం చేయాలి అని ఎవరో అడుగుతున్నారు. మూడుంపావుకి డగ్గీ గారి బస్సు పంతొమ్మిది ఖాళీ సీట్లతో గుట్ట కింద మన పక్కనుంచే వెళ్తుంది. చెయ్యి ఊపుతారు. ఎక్కించుకోరు. డగ్గీ గారూ, బాతుల్ని ఏం చేశారు? ("వదిలేశా!") చాలా సంతోషం.

మేడమ్, మీరు మీ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. తలుపు దగ్గర అమ్మ రబ్బరు బూట్లు ఉన్నాయి, మీకు సరిపోతాయని ఆడ్రీ గారు చెప్పారు.

బ్లెంకిన్ గారూ, మీకు వీడ్కోలు చెప్పమని నన్ను పిలిచారు. నాకు చేతకాలేదు. నన్ను ఎత్తుకుని వాగు దాటించి, దాన్ని పదకొండు గజాలు అని మాత్రమే రాసుకున్న మనిషికి వీడ్కోలు ఏ మాటల్లో చెబుతారో నేను ఇంకా నేర్చుకోలేదు. నేర్చుకున్నాక ఉత్తరం రాస్తాను. అప్పటిదాకా, ఆ గుట్ట ఎక్కడ అయిపోతుందో నాకు తెలిసింది, చెప్పమంటారా? మూడు వేల రెండు వందల నలభై దగ్గర. పోయిన ఆదివారం నేనే అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. మీ గడిలో రాసుకోండి.

(బ్లెంకిన్ గారు జేబులోంచి పుస్తకం తీశారు.)

ఓపిగ్గా విన్న మీ అందరికీ, ఫైళ్ళు చూపించిన ఆడ్రీ గారికి, టైరు కొనకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన కౌన్సిల్‌కి, ఇప్పుడు ఎడమ బూటు కుడికాలికి తొడుగుతున్న అధ్యక్షురాలు క్రాగ్ గారికి నా హృదయపూర్వక ధన్యవాదాలు. మేడమ్, అది రెండో కాలిది. ఆ, అదే.

ఏబెల్, నువ్వు మేడమ్ పక్కన నడువు. పిల్లలకి పెద్దవాళ్ళు తోడుండాలని నిబంధనలో ఉంది. వాగు దగ్గర మాత్రం నువ్వే ఆవిడ చెయ్యి పట్టుకో.

వెనక ఉండిపోయి కేకు సంగతి చూసుకునేవాళ్ళ దగ్గర సెలవు. నడిచేవాళ్ళ దగ్గర ఇప్పుడే కాదు, మా గేటు దగ్గర.